ఓరుగల్లు చెరువులు చూడడానికి ఎన్ని రాత్రులు ఉండాలి?

నిర్మల్_బాటసారి | సోమవారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. కార్తీక మాసంలో కుటుంబంతో కలిసి హనుమకొండ, వరంగల్ చూడడానికి రావాలనుకుంటున్నాము. నిర్మల్ నుంచి జగిత్యాల, కరీంనగర్ మీదుగా సొంత కారులో వస్తాము. మా అమ్మకు 68 ఏళ్లు, పాపకు 9, బాబుకు 12. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. చదునుగా ఉన్న చోట నెమ్మదిగా నడుస్తుంది గాని మెట్లు ఎక్కడం కష్టం.

ఎన్ని రోజులు ఉండాలన్నదే నా ప్రశ్న. పొద్దున దిగి వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి గుడి చూసుకుని రాత్రికి ఇంటికి తిరిగి రావచ్చని మా బంధువు ఒకరు అంటున్నారు. రామప్ప, లక్నవరం, పాకాల, బొగత కూడా కలుపుకుంటే ఐదు రోజులైనా చాలవని నాతో పనిచేసే మిత్రుడు చెబుతున్నాడు. ఇద్దరూ ఆ ప్రాంతం చూసి వచ్చినవారే కాబట్టి ఎవరి మాట పట్టుకోవాలో తేలడం లేదు. నాకు గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజుల సెలవు దొరుకుతుంది. చెరువుల ఊరని విన్నప్పటి నుంచి నీళ్ల ఒడ్డున కాసేపు స్థిమితంగా కూర్చోవాలని అమ్మ కోరుకుంటున్నది.

హనుమకొండ_పాతకాపు | సోమవారం, రాత్రి 9:40

బాటసారి గారూ, మీ బంధువు చెప్పింది అబద్ధం కాదు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి కాబట్టి మూడింటినీ ఒక్క పూటలో చుట్టిరావచ్చు. అయితే చెరువున్న ఊరికి వచ్చేవారు రోజులను కాక రాత్రులను లెక్కపెట్టుకోవాలని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. నిర్మల్ నుంచి తెల్లవారుజామున బయలుదేరిన మనిషి భద్రకాళి చెరువు దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది, నీళ్ల మీద వెలుగు కళ్లలో పొడుస్తుంది, గుడి తలుపులు మూసే వేళ అవుతుంది, కట్ట మీద నిలబడడానికి నీడ కోసం వెతుక్కోవలసి వస్తుంది. అదే చెరువును సూర్యోదయానికి చూడండి, లేదా గుట్టల వెనక పొద్దు గుంకుతుండగా గుడి గంట నీళ్ల మీదుగా వినిపించే వేళలో చూడండి. అది వేరే చెరువు అనిపిస్తుంది. ఒక రాత్రి ఉన్నవారికి ఒక సాయంత్రం, ఒక ఉదయం దక్కుతాయి. రెండు రాత్రులు ఉన్నవారికి రెండేసి దక్కుతాయి. రాత్రి ఉండకుండా వెళ్లేవారికి మధ్యాహ్నం ఒక్కటే మిగులుతుంది.

మా ఊరికి మాత్రమే అయితే రెండు రాత్రులు సరిపోతాయి. మొదటి సాయంత్రం భద్రకాళి కట్ట మీద గడపండి. అక్కడ దారి చదునుగా ఉంటుంది, కూర్చునే చోట్లు ఉన్నాయి, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. రెండో సాయంత్రం కోటకు వెళ్లండి. నాలుగు కీర్తి తోరణాల నడుమ ఉన్న నేల కూడా చదునైనదే. 1323లో కోట పడిపోయిన తరువాత అక్కడి స్వయంభూ దేవాలయంలో మిగిలినవి ఆ తోరణాలు, చెల్లాచెదురైన రాళ్లు. వాలుటెండలో ఆ రాళ్ల మీది చెక్కడం స్పష్టంగా తేలుతుంది. పిల్లలకు ఓపిక ఉంటే ఏకశిల గుట్ట ఎక్కించండి. ఊరికి ఓరుగల్లు అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండానే వారికి తెలిసిపోతుంది.

వేయిస్తంభాల గుడికి ఉదయమే వెళ్లాలి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయంలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేర్వేరు గర్భగుడులున్నాయి. ఎదుట ఉన్న కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పదీశారు. దాన్ని మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. మా అబ్బాయి పుట్టిన నాటి నుంచి కాలేజీకి వెళ్లేదాకా ఆ చోటు ఖాళీగానే ఉండేది. ఇప్పుడు ఆ స్తంభాల నడుమ నిలబడినప్పుడల్లా నాకు మాట రాదు.

ఇంకొక్క సంగతి. 2024 చివరలో పూడిక తీయడానికి భద్రకాళి చెరువులోని నీళ్లన్నీ వదిలేశారు. ఊరి నడుమ అంత పెద్ద మట్టి మైదానాన్ని చూడడం మాకే కష్టమైంది. చెరువు కోసమే వచ్చేవారు బయలుదేరే ముందు నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఎవరినైనా అడిగి రావడం మంచిది.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, ఉదయం 7:05

పాతకాపు గారి మాటను గౌరవిస్తూనే కొంచెం భిన్నంగా చెబుతాను. సికింద్రాబాద్ నుంచి రైలులో రెండు, రెండున్నర గంటల్లో ఇక్కడ దిగుతారు కాబట్టి మా చుట్టాలను ఏటా ఒక్కరోజులోనే తిప్పి పంపిస్తాను. వారికి అది చాలు, ఎందుకంటే మళ్లీ రావడం వారికి కష్టం కాదు. ఒక ఏడు బతుకమ్మ రోజుల్లో వస్తారు, ఇంకొక ఏడు ఆషాఢంలో భద్రకాళి అమ్మవారి శాకంబరీ ఉత్సవాలకు వస్తారు. ఊరిని విడతలుగా చూడడం కూడా ఒక పద్ధతే.

మీరు నిర్మల్ నుంచి వస్తున్నారు. వచ్చే పూట, పోయే పూట దారికే పోతాయి. కాబట్టి మీ విషయంలో ఒక్కరోజు ప్రయాణం సరికాదు. కనీసం ఒక రాత్రి ఉండండి, వీలైతే రెండు. అంతకన్నా ఎక్కువ రోజులు పెద్దావిడను కారులో తిప్పితే ఆమెకు గుర్తుండేది నడుం నొప్పే.

పాలంపేట_దారి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ములుగు ప్రాంతంలో ముప్పై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. రామప్ప గుడిని దారిలో తగిలే ఒక మజిలీగా ఎవరైనా లెక్కవేస్తే నాకు బాధ కలుగుతుంది.

హనుమకొండ నుంచి పాలంపేటకు దాదాపు 70 కిలోమీటర్లు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారిని వదిలి లోపలికి తిరగాలి. వచ్చేవారిలో ఎక్కువమంది ఊళ్లో గుళ్లన్నీ చూసుకుని, టిఫిన్ చేసి, పదకొండు దాటాక అక్కడ దిగుతారు. చెప్పులు విడిచి ఎర్రగా కాలిన రాతి మీద పాదం పెట్టిన క్షణం నుంచి వారి చూపు నీడను వెతుకుతుందే తప్ప శిల్పాన్ని చూడదు. మా బడి పిల్లలను ఏటా తీసుకుపోయేవాడిని కాబట్టి ఇది కళ్లారా చూసిన సంగతి. ఉదయం ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. గుడి తూర్పు ముఖంగా ఉంది. ఆ వేళకు ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, చూరు కింద ఉన్న నల్లరాతి స్త్రీమూర్తుల, అంటే మదనికల నునుపు ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా ఎలా నిలిచిందో అప్పుడు తెలుస్తుంది.

గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కట్టించిన వాడి పేరుతో కాక చెక్కిన శిల్పి పేరుతో గుడిని పిలుచుకోవడం మా ప్రాంతపు సంప్రదాయం, ఆ పేరు నాకెంతో ఇష్టం. గోడలు ఎర్రని ఇసుకరాయి, చూరు కింది బొమ్మలు గట్టి నల్లరాయి, శిఖరం మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక. పునాది కింద ఇసుకను నింపి, భూమి కదిలినా ఆ కదలిక పైకి రాకుండా చూసుకున్నారు. నటరాజ రామకృష్ణ గారు పేరిణి తాండవానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఈ గుడి గోడల మీది నర్తకుల భంగిమలే ఆయనకు ఆధారమయ్యాయి. మీ బాబు వయసు పిల్లలకు ఇవన్నీ ఒక్కొక్కటిగా చూపిస్తే రెండు గంటలు ఇట్టే గడుస్తాయి.

గుడి ఎత్తైన వేదిక మీద ఉంది, పైకి మెట్లున్నాయి. అమ్మగారు పైకి రాలేకపోయినా కింద నుంచి చుట్టూ తిరిగి చూడవచ్చు. ఆ తరువాత ఆమెను రామప్ప చెరువు కట్ట దగ్గరికి తీసుకుపోండి. గుడి నుంచి కిలోమీటరు దూరమే. గుడిని కట్టినవారే చెరువునూ కట్టించారు, దాని కింది ఆయకట్టు ఈనాటికీ పండుతున్నది. గుడి చూసి చెరువు చూడకుండా వెనుదిరిగే కార్లను లెక్కలేనన్ని చూశాను.

ఎనిమిదికి అక్కడ ఉండాలంటే ఆరున్నరకు ముందే హనుమకొండలో బయలుదేరాలి. అంటే ముందు రాత్రి హనుమకొండలో నిద్రచేసి ఉండాలి. పాతకాపు గారు చెప్పిన రెండు రాత్రులకు నేను మూడోది కలుపుతున్నది ఇందుకే.

నర్సంపేట_రైతుబిడ్డ | మంగళవారం, సాయంత్రం 6:30

పాకాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అది గణపతిదేవుని కాలపు చెరువు, చుట్టూ అడవి, వరంగల్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. నా మటుకు ఈ చుట్టుపక్కల దానంత ప్రశాంతమైన నీళ్లు మరెక్కడా లేవు. మా నాన్న, తాత ఆ తూము నీళ్లతోనే వరి పండించారు.

అయినా ఈసారికి పాకాల వద్దనే చెబుతాను. రామప్ప, లక్నవరం గోదావరి వైపు ఉన్నాయి, పాకాల వాగు మున్నేరులో కలిసి కృష్ణ వైపు పోతుంది. దిక్కులే వేరైనప్పుడు రెండింటినీ ఒక్కరోజులో ఇరికిస్తే రెండు చోట్లా కారు ఆపి ఫొటో తీసుకోవడమే అవుతుంది. పాకాలకు ప్రత్యేకంగా ఒక రోజు పెట్టుకోగలిగినప్పుడు రండి. వానలు బాగా పడి చెరువు నిండి మత్తడి దుంకే రోజులైతే మరీ మంచిది.

గోదారి_మలుపు | మంగళవారం, రాత్రి 10:10

నేను ఏటూరునాగారం రోడ్డు మీద పదిహేనేళ్లుగా బండి నడుపుతున్నాను. రైతుబిడ్డ అన్న మాటే నేనూ బొగత గురించి చెబుతాను. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు మండలంలోకి వెళ్లాలి, వరంగల్ నుంచి ఒకవైపే దాదాపు 140 కిలోమీటర్లు. జలపాతం వానాకాలంలో ఉరకలెత్తుతుంది, కార్తీకానికి నెమ్మదిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషితో అంత దూరం పోయి అదే రోజు తిరిగి రావద్దు.

లక్నవరం మాత్రం వదలవద్దు. గోవిందరావుపేట మండలంలో ఉంది, హనుమకొండ నుంచి 80 కిలోమీటర్లు, రామప్ప నుంచి 30. గుట్టల నడుమ నీళ్లు, నీళ్ల నడుమ దీవులు, దీవికి పోవడానికి వేలాడే వంతెన. పిల్లలు ఆ వంతెన మీది నుంచి దిగిరామంటారు. ఒక రాత్రి అక్కడే ఉండండి. సందర్శకులు వెళ్లిపోయాక ఆ చెరువు మీద దిగే నిశ్శబ్దం, తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు వేరే ఎక్కడా చూడలేరు.

నిర్మల్_బాటసారి | బుధవారం, ఉదయం 8:00

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నా మిత్రుడి ఐదు రోజుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. ఆయన ప్రతి దిక్కుకూ ఒక రోజు కలిపారు. పాకాల, బొగత ఈసారికి తీసేస్తున్నాను. నాలుగు రోజులకు మూడు రాత్రులు దొరుకుతాయి. ఆ మూడూ హనుమకొండలోనే గడపాలా, లేక నడుమ ఒక రాత్రి లక్నవరంలో ఉండాలా అన్నది తేలలేదు. అమ్మతో వెళ్లి అక్కడ ఉన్నవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

జగిత్యాల_సిరిపువ్వు | బుధవారం, మధ్యాహ్నం 3:45

తమ్ముడూ, మా అత్తమ్మతో వెళ్లిన అనుభవం చెబుతాను. మేము మూడు రాత్రులకు మూడు చోట్ల గదులు తీసుకున్నాము. ఒక చోట చెప్పిన వేళకు గది సిద్ధంగా లేక రెండు గంటలు బయటే కూర్చున్నాము, తీరా ఇచ్చిన గది మెట్లెక్కి వెళ్లేది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు గాని ఆ రాత్రి కాళ్లకు నూనె రాస్తుంటే మోకాలు వాచి కనిపించింది. ప్రతి పొద్దున సంచులు సర్దడం, మందులు ఏ సంచిలో ఉన్నాయో వెతకడం, కొత్త చోట నిద్ర పట్టకపోవడం పెద్దవారికి దూర ప్రయాణం కన్నా ఎక్కువ అలసట తెస్తాయి.

అందుకే ఒకే గది, కింది అంతస్తులో, మూడు రాత్రులకూ తీసుకోమని చెబుతాను. లక్నవరానికి పోయి సాయంత్రానికి తిరిగి రండి. గోదారి మలుపు గారు చెప్పిన తెల్లవారుజాము అందమైనదే, కాదనను. కానీ ఆ అందం పిల్లలకూ మీకూ ఇంకోసారి దొరుకుతుంది.

మరొకటి. ఏదో ఒక పూట ఏమీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. రెండో రోజు మధ్యాహ్నం మేము అలసి ఎక్కడికీ వెళ్లలేదు. అప్పుడు అత్తమ్మ తన చిన్నప్పుడు వాళ్ల ఊరి చెరువులో తామర కాడలు తెంపిన సంగతి మొదటిసారి మా పిల్లలకు చెప్పింది. ఆ ప్రయాణంలో నాకు మిగిలింది ఆ మధ్యాహ్నమే.

గోదారి_మలుపు | బుధవారం, సాయంత్రం 5:15

అక్క చెప్పినది ఒప్పుకుంటున్నాను. నేను బండి నడిపేవాడిగా ఆలోచించాను, కాళ్లకు నూనె రాసేవారిగా ఆలోచించలేదు. అలాగైతే శుక్రవారం వెళ్లండి. శని, ఆదివారాల్లో లక్నవరం దగ్గర జనం కిక్కిరిసిపోతారు, కారు ఆపడానికే అరగంట పడుతుంది. పొద్దున రామప్ప, మధ్యాహ్నం భోజనం తరువాత లక్నవరం చూసుకుని, చీకటి పడక ముందే జాతీయ రహదారి ఎక్కండి.

కాజీపేట_జంక్షన్ | బుధవారం, రాత్రి 9:00

కార్తీకం కాబట్టి ఒక జాగ్రత్త. సోమవారాలు, పౌర్ణమి రోజున వేయిస్తంభాల గుడిలోనూ రామప్పలోనూ దీపాలు వెలిగించడానికి వచ్చేవారితో నిలబడే చోటు ఉండదు. మీరు గురువారం నుంచి ఆదివారం దాకా అంటున్నారు కాబట్టి పౌర్ణమి ఆ నడుమ పడకుండా క్యాలెండర్ చూసుకోండి.

హనుమకొండ_పాతకాపు | గురువారం, ఉదయం 6:50

పౌర్ణమి విషయంలో నేను ఏకీభవించను. దీపాల వెలుగులో వేయిస్తంభాల గుడిని చూడడం కోసమే మా ఇంటికి బంధువులు వస్తారు. రద్దీ ఉంటుంది, నిజమే. అయితే తోపులాటలో అమ్మగారిని నిలబెట్టలేరు కాబట్టి ఈసారికి మాత్రం జంక్షన్ గారి సలహానే పాటించండి.

మాఘంలో రావాలనుకునే వేరే పాఠకుల కోసం ఒక మాట కలుపుతున్నాను. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగే రోజుల్లో ములుగు వైపు దారి అంతా భక్తులదే. అప్పుడు రామప్పకు, లక్నవరానికి గంటల లెక్కలు ఏవీ పనికిరావు.

పాలంపేట_దారి | గురువారం, ఉదయం 10:30

శుక్రవారం లక్నవరంలో పిల్లలు వంతెన దాటుతుండగా అమ్మగారు ఒడ్డున ఒంటరిగా కూర్చోకుండా ఎవరైనా ఒకరు తోడు ఉండండి. నాకు తోచింది అంతే. మిగిలిన ఏర్పాటు బాగుంది.

నిర్మల్_బాటసారి | మూడు వారాల తరువాత, సోమవారం, రాత్రి 9:20

వెళ్లి వచ్చాము. మూడు రాత్రులూ హనుమకొండలో ఒకే గదిలో ఉన్నాము, కింది అంతస్తు అడిగి తీసుకున్నాము.

గురువారం మధ్యాహ్నం దాటాక చేరి, ఆ సాయంత్రం భద్రకాళి కట్ట మీదే గడిపాము. శుక్రవారం ఎనిమిదికి పదినిమిషాల ముందు రామప్ప దగ్గర ఉన్నాము. సారు చెప్పినట్టే రాయి ఇంకా చల్లగా ఉంది. అమ్మ ఎలాగో బాబు భుజం పట్టుకుని మెట్లు ఎక్కింది, దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. చెరువు కట్ట మీద కూర్చున్నాక ఆమెకు లక్నవరం వెళ్లాలన్న ధ్యాసే లేదు. పిల్లల పోరు పడలేక బయలుదేరాము, మేము అక్కడ గంటన్నర మాత్రమే ఉన్నాము. వంతెన పిల్లలకు ఎంతో నచ్చింది. అయితే నా లెక్కలో ఒక పొరపాటు ఉంది. రామప్ప చెరువు దగ్గర ఇంకొక గంట ఉండి, లక్నవరాన్ని వేరే ప్రయాణానికి వదిలేయవలసింది. రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు గాని అమ్మ వయసువారికి అది బరువే.

శనివారం పొద్దున వేయిస్తంభాల గుడి, సాయంత్రం కోట. నడుమ మధ్యాహ్నం సిరిపువ్వు అక్క చెప్పినట్టు ఖాళీగా ఉంచాము. పిల్లలు నిద్రపోయారు, నేను కొత్తవాడకు వెళ్లి అమ్మకు ఒక తివాచీ తెచ్చాను.

ఆదివారం ఆరింటికే తిరుగు ప్రయాణం అనుకున్నాము. అమ్మ లేచి, మొదటి రోజు కూర్చున్న చోటికే ఇంకోసారి తీసుకుపొమ్మని అడిగింది. మేము కరీంనగర్ దారి పట్టేసరికి పదకొండు అయింది.

పాకాల మిగిలింది. నర్సంపేట అన్నగారూ, వచ్చే వానాకాలంలో మత్తడి దుంకిన రోజు ఇక్కడ ఒక్క మాట రాయండి.